వెండి రూపాయి కొనే ముందు

"అన్నా, మా తాత పెట్టెల దొరికినయ్. ఇంకా ఇరవై ఉన్నయ్. నీకైతే తక్కువకిస్త" అంటూ ఎవరైనా మీ చేతిలో నల్లబడ్డ వెండి రూపాయి పెడితే ఏం చేస్తారు? అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఆ వెంటనే బేరం మొదలుపెడతారు. చాలామంది చేసేది ఇంతే. చూడటానికీ బేరానికీ మధ్య పది నిమిషాల పని ఉంది. ఆ పది నిమిషాలు ఎలా గడపాలో ఈ అధ్యాయంలో చెప్తాను.

నారాయణపేట వాళ్లకు బంగారం కొనడం ఒకరు నేర్పక్కర్లేదు. పేట బంగారం మీద నమ్మకంతో యాద్గిర్, రాయచూరు వైపు నుంచి కూడా పెళ్లి నగలకు వస్తారు. అరతులం ఉంగరం కొన్నా కాంటా మీద అంకె చూస్తాం, టంచ్ ఎంతని అడుగుతాం, రసీదు రాయించుకుంటాం. మరి అదే మనిషి పాత రూపాయి కొనేటప్పుడు తూకం ఎందుకు వేయడు? నగ కొనేటప్పుడు మన కళ్లు లోహం మీద ఉంటాయి. పాత నాణెం కొనేటప్పుడు చెవులు కథ మీద ఉంటాయి. నకిలీ అమ్మేవాడికి ఆ కథే పెట్టుబడి. అందుకే కథ వినండి, కాదనను. డబ్బు మాత్రం నాణేన్ని పరీక్షించాకే తీయండి.

ముందు మన ప్రాంతంలో చేతులు మారే వెండి నాణేలేవో తెలియాలి.

ఎక్కువగా కనిపించేది కల్దార్, అంటే బ్రిటిష్ వాళ్ల రూపాయి. విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, ఇద్దరు జార్జిల బొమ్మలతో ఉంటుంది. దాని తూకం 11.66 గ్రాములు. పాత లెక్క తులం అంటే సరిగ్గా ఈ బరువే. అడ్డకొలత 30 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. వందలో 91.7 పాళ్లు వెండి. యుద్ధకాలంలో 1940 నుంచి తూకం మార్చకుండా వెండిని సగానికి తగ్గించారు. 1947 రూపాయిలోనైతే వెండే లేదు, అది నికెల్.

రెండోది హాలి సిక్కా, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. తూకం 11.18 గ్రాముల దగ్గర, వెండి వందకు 81.8 పాళ్లు. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్‌లు అన్న పాత మారకం లెక్క మీ ఇంటి పెద్దలు చెప్పే ఉంటారు. ఆ లెక్క ఊరికే పుట్టలేదు. 1940కి ముందు కల్దార్‌లో అసలు వెండి 10.69 గ్రాములు, హాలిలో 9.14. ఏడింటిని, ఆరింటిని గుణించి చూడండి, రెండూ 64 గ్రాముల దగ్గర కలుస్తాయి. 10.69, 9.14 అన్న ఈ రెండు అంకెలను ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే, నాణెంలో ఉన్న వెండి ఒక్కదానికే ఎంత వస్తుందో తెలిసిపోతుంది. మంచి కల్దార్‌ను వెండి ధరకంటే తక్కువకు ఎవరైనా ఎందుకిస్తారు? కరిగించినా అంతకంటే ఎక్కువ వస్తుంది కదా!

మూడోది చేత్తో కొట్టిన పాత సిక్కా. మన నారాయణపేటలోనే ఒకప్పుడు టంకశాల ఉండేది. దిల్షాదాబాద్ అన్న టంకశాల పేరుతో, మొఘల్ చక్రవర్తి షా ఆలం పేరు మీద ఇక్కడ వెండి రూపాయలు ముద్రించారు. గద్వాల, వనపర్తి సంస్థానాలకూ సొంత రూపాయలు ఉండేవి. మన ఊళ్లో పుట్టిన నాణెం అనగానే ఎవరికైనా మనసు లాగుతుంది. లాగాలి కూడా, అది మన చరిత్ర. కాకపోతే ఈ రకమే అన్నింటికంటే కష్టమైనది. దీని సంగతి చివర్లో చెప్తాను. సేకరణ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీంతో మొదలుపెట్టకండి.

ఇక పరీక్షలు. వీటికి కావాల్సినవి ఒక చిన్న సంచిలో పడతాయి: గ్రాములో వందో వంతు వరకు చూపే జేబు కాంటా, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, చిన్నదే అయినా గట్టిగా పట్టే అయస్కాంతం, కొలత తీసే క్యాలిపర్.

1. తూకం వేయండి, అదీ మీ కాంటా మీదే.

కాంటాతో పాటు వచ్చే తూకంరాయి పెట్టి ముందు దాన్ని సరిచూసుకోండి. చేతులు మారి అరిగిన కల్దార్ 11.4 నుంచి 11.6 మధ్య తూగుతుంది. రాణి ముఖం సగం చెరిగిపోయిందంటే ఇంకొంచెం తగ్గవచ్చు. కానీ జుట్టులో ప్రతి పాయా కనిపించేంత కొత్తగా ఉన్న నాణెం 10.8 తూగితే? అరుగుదల లేకుండా బరువు ఎక్కడికి పోయింది? పక్కన పెట్టేయండి. 11.9, 12 తూగినా అంతే. నాణెం వాడకంలో అరుగుతుంది గానీ పెరగదు. కొక్కెం అతికించి ఉంటేనే బరువు పెరుగుతుంది.

2. అంచు చూడండి.

మొదటిసారి కొనేవాళ్లు బొమ్మ చూస్తారు, అలవాటైనవాళ్లు అంచు చూస్తారు. నకిలీ చేసేవాడు బొమ్మ మీద పెట్టినంత శ్రద్ధ అంచు మీద పెట్టడు. కల్దార్ అంచు మీద నిలువు గీతలు చుట్టూ ఒకే ఎడంతో, ఒకే లోతుతో ఉంటాయి. అచ్చులో పోసిన నకిలీకి రెండు సగాలు కలిసే చోట సన్నటి అతుకు వస్తుంది. దాన్ని ఆకురాయితో రాస్తే అక్కడ గీతలు చెదిరిపోతాయి. నాణేన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. గీతలు ఒకచోట పడుకున్నట్టు, ఇంకోచోట మాయమైనట్టు కనిపిస్తే అక్కడ భూతద్దం పెట్టండి. 1940ల జార్జి రూపాయలకు అంచు మధ్యలో గాడి తీసి చిన్న నగిషీ పెట్టారు. సగం వెండికి దిగజారినప్పుడు దొంగ నాణేలను ఆపడానికి చేసిన ఏర్పాటు అది. ఆ గాడి ఉందా లేదా చూడండి.

3. అక్షరాల పక్కనున్న మైదానం చూడండి.

భూతద్దంలో అక్షరాన్ని కాదు, అక్షరం లేచిన చోటును చూడాలి. యంత్రంతో గుద్దిన నాణెంలో అక్షరం గోడలా నిటారుగా లేస్తుంది, చుట్టూ ఉన్న నేల నున్నగా ఉంటుంది. పోత పోసినదానిలో అక్షరాల మొదళ్లు మెత్తబడి ఉంటాయి, నేల మీద గాలిబుడగలు వదిలిన సూదిమొన గుంటలు కనిపిస్తాయి. బాగా అరిగిన అసలు నాణెంలోనూ అక్షరాలు మెత్తబడతాయి. తేడా ఏమిటంటే, అరుగుదల ఎత్తుగా ఉన్న చోట్ల మొదలవుతుంది, అంటే రాణి చెంప, కిరీటం, నుదురు. పోతలో మాత్రం ఎత్తుపల్లాలన్నీ ఒకేలా మెత్తబడి ఉంటాయి.

సంవత్సరాన్ని ప్రత్యేకంగా చూడండి. 1939 జార్జి రూపాయి చాలా అరుదు. అందుకే 1938 నాణెం మీద 8ని చెక్కి 9 చేసి అమ్మేవాళ్లున్నారు. నాణెం అసలుదే, వెండి అసలుదే, తూకం సరిగ్గా ఉంటుంది, నీళ్ల పరీక్షలోనూ నెగ్గుతుంది. మోసమంతా ఆ ఒక్క అంకెలో ఉంటుంది. చివరి అంకె చుట్టూ గీరిన గుర్తులు, రంగులో తేడా ఉన్నాయేమో వెతకండి. 1939 అని చెబితే, అనుభవమున్న ఇద్దరికి చూపించకుండా ముట్టుకోకండి.

4. అయస్కాంతం పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోకండి.

అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు, అనుమానమే లేదు. 1947 రూపాయి పులి బొమ్మతో అసలైన ప్రభుత్వ నాణెమే, అయినా అంటుకుంటుంది, నికెల్ కాబట్టి. 1964 నెహ్రూ స్మారక రూపాయి కూడా నికెల్‌దే. ఈ రెండింటినీ వెండి పేరు చెప్పి అమ్ముతుంటారు, జాగ్రత్త. అంటుకోకపోతే మాత్రం వెండే అని తేల్చేయకండి. జర్మన్ సిల్వర్, ఇత్తడి, రాగి, సీసం ఏవీ అంటుకోవు. ఇంకొక చిన్న చిట్కా: నాణేన్ని కొంచెం ఏటవాలుగా పట్టుకుని అయస్కాంతాన్ని దాని మీద జారవిడవండి. వెండి మీద అది ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు నెమ్మదిగా జారుతుంది, జర్మన్ సిల్వర్ మీద జర్రున పోతుంది.

5. మోగించి వినండి.

వేలి కొస మీద నిలిపి ఇంకో నాణెంతో అంచు మీద మెల్లగా తట్టండి. మంచి వెండి సన్నగా, సాగదీసినట్టు మోగుతుంది. సీసం కలిసినది టక్కుమని ఆగిపోతుంది. పక్కన ఒక అసలు నాణెం ఉంటేనే ఈ పరీక్షకు అర్థం. సన్నటి పగులున్నా, కొక్కెం అతికించి ఉన్నా అసలు నాణెం కూడా మూగబోతుంది. కాబట్టి ఇది సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

6. నీళ్ల పరీక్ష చేయండి.

నా లెక్కలో పరీక్షలన్నింటిలోకి ఇది పెద్దది. ఖర్చు లేదు, నాణేనికి గీత పడదు. కాంటా మీద సగం వరకు నీళ్లున్న చిన్న ప్లాస్టిక్ గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్నటి దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు. నాణేనికి బుడగలు అంటుకుంటే దారాన్ని కొంచెం కదిపి వదిలించండి. ఇప్పుడు కాంటా చూపే అంకె నాణెం పరిమాణం. మామూలు బరువును ఆ అంకెతో భాగించండి. 1940కి ముందు కల్దార్‌కు 10.3 దగ్గర రావాలి. హాలికి 10.2 దగ్గర, సగం వెండి ఉన్న జార్జి రూపాయికి 9.5 దగ్గర. జర్మన్ సిల్వర్‌కు 8.7 దగ్గర ఆగిపోతుంది. ఉదాహరణకు 11.60 గ్రాముల రాణి రూపాయిని ముంచితే 1.12 చూపాలి. 1.33 చూపిందా? చేతులు తుడుచుకుని నాణెం తిరిగి ఇచ్చేయండి.

ఈ పరీక్ష అంగట్లో, జాతరలో కుదరదు కదా అంటారా? కుదరదు. అందుకే అంగట్లో, జాతరలో ఖరీదైన నాణెం కొనొద్దు. కురుమూర్తి జాతరలో చాప పరిచి అమ్మేవాడి దగ్గర ముచ్చటపడి యాభైకో వందకో ఏదైనా తీసుకుంటే అది వేరు. వేలు పెట్టేటప్పుడు మాత్రం "ఇంటికి తీసుకుపోయి చూసి చెప్త, నీవు కూడ రా" అనండి. ఒప్పుకోకపోతే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

7. దుకాణం మెషీన్ మీద పెట్టించండి.

నగల ఊళ్లో ఉన్నందుకు మనకున్న సౌకర్యం ఇది. లోహంలో ఏది ఎన్ని పాళ్లుందో ఎక్స్‌రేతో చెప్పే మెషీన్లు వచ్చాయి. తెలిసిన సేఠ్ దగ్గరికి వెళ్లి రెండు వైపులా, అంచు మీదా రీడింగ్ తీయించండి. అది పైపొరను మాత్రమే చూస్తుందన్న సంగతి మరిచిపోకండి. మందంగా వెండి పూత పోసిన ఇత్తడి దాన్ని మోసం చేయగలదు. అందుకే ఆరో పరీక్ష ముందు. గీటురాయి మీద రాయడం, ఆకురాయితో గీరడం వద్దనండి. ఆ గీత పడ్డాక అది సేకరించే నాణెంగా సగం విలువ పోగొట్టుకుంటుంది.

హాలి సిక్కాకు ఇంకొక పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. చార్మినార్ ద్వారం మధ్యలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ఐన్. చార్మినార్ వైపు హిజ్రీ సంవత్సరం, రెండో వైపు పాలన ఎన్నో ఏడో ఉంటాయి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో, అంటే హిజ్రీ 1329లో. కాబట్టి హిజ్రీ సంవత్సరంలోంచి 1329 తీసేస్తే వచ్చేది పాలన ఏడుకు సమానంగానో, ఒకటి అటూ ఇటుగానో ఉండాలి. 1337 అని ఉన్న నాణెం వెనక ఎనిమిదో తొమ్మిదో ఉండాలి గానీ ఇరవై ఉండకూడదు. 1325 నాణెం మీద ఐన్ ఉండకూడదు, అప్పటికి ఉస్మాన్ అలీ ఖాన్ రాజు కాలేదు. రెండు వేర్వేరు నాణేల అచ్చులు తీసి కలిపేవాడికి ఈ లెక్క పట్టదు. ఉర్దూ అంకెలు రాకపోతే దిగులెందుకు? ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దమనిషి పేటలో ఏ వీధిలోనైనా దొరుకుతాడు. చాయ్ తాగుతూ చదివించుకోండి. అంకెలతో పాటు నాలుగు పాత సంగతులు కూడా చెబుతాడు.

చేత్తో కొట్టిన దిల్షాదాబాద్, గద్వాల రూపాయల విషయానికొస్తే, వాటికి అచ్చమైన గుండ్రం ఉండదు, ముద్ర పక్కకు జరిగి ఉంటుంది, ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఆ చివరి మాట దగ్గరే నకిలీని పట్టుకోవచ్చు. అప్పటి సరాఫులు వెండి మంచిదో కాదో చూడటానికి చిన్న చిన్న ముద్రలు గుద్దేవాళ్లు. ఎవరి గుర్తు వాళ్లది. అమ్మేవాడి దగ్గర నాలుగు రూపాయలుంటే నాలుగూ పక్కపక్కన పెట్టించండి. ఒకే చోట ఒకే ముద్ర, ఒకే గీత, ఒకే సొట్ట రెండింటి మీద కనిపించాయా? నూరేళ్లకు పైగా వేర్వేరు చేతుల్లో తిరిగిన రెండు నాణేలకు ఒకే గాయం ఒకే చోట అవుతుందా? కాదు. అవి ఒకే అచ్చులోంచి వచ్చాయి. అసలు నాణేలు ఎలా ఉంటాయో కళ్లకు అలవాటు కావాలంటే హైదరాబాద్ వెళ్లినప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం చూసి రండి. ఒక పూట సరిపోతుంది.

ఇప్పుడు మనవాళ్లు తరచుగా పడే గుంటలు.

"పొలం దున్నుతుంటే బిందె బయటపడ్డది, బయటికి పొక్కొద్దని గుట్టుగ అమ్ముతున్న." ఈ మాట వినగానే చాలామందికి గుండె కొట్టుకుంటుంది. మోసగాడు మొదట రెండు నిజమైన నాణేలు చేతిలో పెడతాడు. "ఎక్కడైనా చూపించుకో" అంటాడు. మీరు సేఠ్‌కు చూపిస్తారు, అసలువని తేలుతుంది. తర్వాత సంచి వస్తుంది, అందులో ఒక్కటీ అసలుది ఉండదు. చీకటి, తొందర, గుట్టు, ఈ మూడూ బేరంలోకి వచ్చాయంటే లేచి వచ్చేయండి. ఒకవేళ అతను చెప్పింది నిజమే అయినా కొనకూడదు. భూమిలో దొరికిన నిధిని కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. కథ అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే కేసు వస్తుంది.

ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో 1818 అని, ఒకవైపు రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న అణా బిళ్లలు చాలా ఇళ్లలో ఉన్నాయి. అలాంటి అణాలు కంపెనీ వేయలేదు. దేవుడి గదిలో పెట్టి దండం పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు. నాణెంగా మాత్రం డబ్బు పెట్టకండి. బియ్యం గింజలను లాగే శక్తి ఉందంటూ ఇలాంటి బిళ్లలకే లక్షలు అడిగే ముఠాలను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. ఆ మాట ఎత్తినవాడితో రెండో మాట వద్దు.

తండాల్లో అమ్మమ్మల మెడల్లో ఉన్న రూపాయల పేరుల్లోని నాణేలు చాలావరకు అసలువే. కొక్కేలు అతికించడంతో సేకరణ విలువ తగ్గి ఉంటుంది, కాబట్టి వెండి ధర చూసుకుని కొనాలి. అమ్మేవాళ్లకు కూడా ఆ రోజు వెండి ధర చెప్పండి. అవసరంలో ఉండి మెడలోంచి తీసి ఇస్తున్న మనిషి దగ్గర తక్కువకు కొట్టేయడం కూడా మోసమే.

నాణెం కొన్నాక చింతపండుతోనో పీతాంబరితోనో తోమకండి. మీ దృష్టిలో అది శుభ్రం, కొనేవాడి దృష్టిలో నష్టం. అయితే నలుపు పాతదనానికి రుజువూ కాదు. మందు పూసి నల్లబరిచిన నాణేన్ని బొటనవేలితో గట్టిగా రుద్దితే వేలికి మసి అంటుతుంది, పల్లాల్లోనూ ఎత్తుల్లోనూ నలుపు ఒకేలా ఉంటుంది.

కొత్త స్మారక నాణేల్లోనూ తికమక ఉంది. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం గుర్తుందా? అది మన హైదరాబాద్ టంకశాలలోనే తయారైంది. 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, అందులో వెండి సగమే. మిగతాది 40 పాళ్లు రాగి, ఐదు నికెల్, ఐదు జింక్. 1940లో జార్జి రూపాయికి వాడిన మిశ్రమమే ఇది. ఇలాంటివి టంకశాల కౌంటర్‌లోనో దాని వెబ్‌సైట్‌లోనో కొనండి. బయట కొంటే ప్యాకింగ్‌తో పాటు తూకం, కొలత చూసుకోండి.

ఫోన్‌లో "మీ పాత నాణేనికి లక్షలు" అని వచ్చే ప్రకటనల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. బ్యాంకు పేరు, గుర్తు వాడుకుని ఫీజు, పన్ను, కమీషన్ అడుగుతారని, తాము ఎవరికీ అలాంటి అనుమతి ఇవ్వలేదని చెప్పింది. అమ్మబోయి ముందే డబ్బు కట్టమంటే ఆపేయండి. కట్టేశారా? గంటలు లెక్కపెట్టకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కొనేటప్పుడు రసీదు మీద "పాత నాణెం 1" అని రాయించుకుంటే లాభం లేదు. ఏ రాజు కాలం, ఏ సంవత్సరం, ఎంత తూకం, నకిలీ అని తేలితే డబ్బు వాపసు అన్న మాట, అన్నీ రాయించండి. వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటితో వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి. అది కూడా అడగవచ్చు, మొహమాటం వద్దు.

ఇవన్నీ చదివాక మీ దగ్గర ఇప్పటికే ఉన్న నాణేలు తీసి నీళ్లలో వేలాడదీస్తారు, ఒకటో రెండో తేడాగా వస్తాయి. అప్పుడేం చేయాలి? రసీదుంటే అమ్మినవాడి దగ్గరికి వెళ్లండి. మాట వినకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. రసీదు లేకపోతే ఆ డబ్బు పోయినట్టే, కానీ నాణేన్ని ఇంకొకరికి అంటగట్టకండి. చిన్న కవర్లో వేసి, దాని మీద "నకిలీ" అని పెద్దగా రాసి, తూకమూ నీళ్ల అంకె కూడా రాసి, అదే రకం అసలు రూపాయి పక్కన పెట్టుకోండి. ఈసారి ఎవరైనా నాణెం తెస్తే మూడింటి అంచులూ పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది.